సిరియాలో కుళాయికి మళ్లీ నీళ్లు: పైపులు వేస్తే సరిపోతుందా?

2016 సెప్టెంబర్. ప్రపంచం అలెప్పో అని, ఉర్దూ పత్రికలు హలబ్ అని రాసే నగరం అప్పటికి రెండుగా చీలిపోయి ఉంది. తూర్పు భాగం తిరుగుబాటుదారుల చేతిలో, పడమటి భాగం ప్రభుత్వం చేతిలో. తూర్పు వైపు జరిగిన భీకర దాడుల్లో బాబ్ అల్-నైరబ్ పంపింగ్ స్టేషన్ దెబ్బతింది. సుమారు 2.5 లక్షల మందికి నీళ్లు ఆగిపోయాయి. దానికి ప్రతీకారంగా, తూర్పు వైపే ఉన్న సులైమాన్ అల్-హలబీ పంపింగ్ స్టేషన్‌ను ఆపేశారు. దాంతో పడమటి వైపు 15 లక్షల మంది ఇళ్లలో కుళాయిలు ఎండిపోయాయి. ఈ లెక్కలు అప్పట్లో యునిసెఫ్ చెప్పినవి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. రెండో దెబ్బకు బాంబు కూడా అక్కర్లేదు. ఒక్క స్విచ్ చాలింది. పైపులు బాగానే ఉన్నాయి, మోటార్లు బాగానే ఉన్నాయి, నీళ్లూ ఉన్నాయి. అయినా 15 లక్షల మందికి గొంతు తడుపుకోడానికి నీళ్లు లేవు.

2024 డిసెంబర్ 8న అసద్ ప్రభుత్వం కూలిపోయింది. సిరియాలో ఇప్పుడు ఎక్కడ చూసినా పునర్నిర్మాణం మాటే. దేశాలు, బ్యాంకులు, కంపెనీలు, సహాయ సంస్థలు అన్నీ డమాస్కస్ బాట పట్టాయి. లెబనాన్ నుంచి, తుర్కియే నుంచి, జోర్డాన్ నుంచి తిరిగొచ్చిన శరణార్థుల సంఖ్య 2025 సెప్టెంబర్ నాటికే 10 లక్షలు దాటిందని ఐరాస శరణార్థుల సంస్థ ప్రకటించింది. వాళ్లు సొంతూరికి వచ్చాక అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: నీళ్లు వస్తున్నాయా?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఎవరు? ఈ పనికి ముందుండి నడిపించాల్సింది ఎవరు? 15 లక్షల మంది కుళాయిలు ఒక్క స్విచ్‌తో ఆగిపోయిన దేశంలో, కొత్త పైపులు వేసినంత మాత్రాన నీళ్లు వస్తాయా? అసలు చర్చ జరగాల్సింది ఇక్కడే.

ఒకప్పుడు ఎలా ఉండేది?

సిరియా మొదటి నుంచీ నీళ్లు లేని దేశమేమీ కాదు. యుద్ధానికి ముందు పట్టణాల్లో 98 శాతం మందికి, పల్లెల్లో 92 శాతం మందికి నమ్మకంగా సురక్షిత నీరు అందేదని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ లెక్క. పదేళ్ల యుద్ధం తర్వాత, 2021లో అదే సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం తాగునీటి సరఫరా 40 శాతం దాకా పడిపోయింది. నీటి, పారిశుధ్య వ్యవస్థల్లో సరిగా పనిచేస్తున్నవి సగం మాత్రమే.

అంటే ఇక్కడ ఏమీ లేని చోట కొత్తగా కట్టే పని కాదు. ఒకప్పుడు బాగా నడిచిన పెద్ద యంత్రాన్ని మళ్లీ నడిపించే పని. ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదంతా తప్పుదారి పడుతుంది. ఏమీ లేని ఊరికి ఒక చేతిపంపు వేస్తే అది మేలు. పెద్ద నగరానికి చేతిపంపులు వేస్తూ పోతే అది మేలు కాదు. లక్షల మందికి నీళ్లిచ్చే స్టేషన్ పక్కనే మూలనపడి ఉంటే, వీధి చివర ట్యాంకర్ నిలబెట్టి ఫొటో దిగినంత మాత్రాన సమస్య తీరదు.

యుద్ధం ఈ యంత్రాన్ని నాలుగు చోట్ల దెబ్బతీసింది. కరెంటు, క్లోరిన్, మురుగునీరు, మనుషులు. పైపులు ఆ తర్వాతే.

నీళ్ల సమస్య అంటే కరెంటు సమస్యే

మన ఊళ్లలో కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే పైన ట్యాంకు ఖాళీ అవుతుంది. ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే ఇది. సిరియాలో ఇదే జరిగింది, కాకపోతే దేశమంత పెద్ద ఎత్తున.

తాజా ఉదాహరణ తిష్రీన్ డ్యామ్. ఫురాత్ నది మీద, అంటే యూఫ్రటీస్ మీద, కట్టిన జలవిద్యుత్ కేంద్రం అది. 2024 డిసెంబర్‌లో ఆ చుట్టుపక్కల జరిగిన పోరులో అది దెబ్బతిని కరెంటు ఉత్పత్తి ఆగిపోయింది. దాంతో మన్బిజ్, కొబానీ ప్రాంతాల్లో 4 లక్షలకు పైగా జనం కరెంటుతో పాటు నీళ్లు కూడా పోగొట్టుకున్నారు. నది పక్కనే పారుతోంది, పంపులు మాత్రం తిరగలేదు.

ఇలాంటప్పుడు సహాయ సంస్థలు ముందుగా చేసేది డీజిల్ జనరేటర్లు పెట్టడం. అత్యవసరంగా అది తప్పదు. కానీ డీజిల్ ప్రతి నెలా కొనాలి. సహాయం నిధులు ఆగిన రోజు జనరేటర్ కూడా ఆగుతుంది. అందుకే ఇటీవలి ఏళ్లలో సౌర పంపుల వైపు మొగ్గు పెరిగింది. ఎండ పుష్కలంగా ఉండే దేశం కాబట్టి చిన్న ఊళ్లకు, బావుల మీద ఆధారపడ్డ చోట్లకు ఇది బాగా పనికొస్తుంది.

అయితే దీంట్లోనూ ఒక మెలిక ఉంది. డీజిల్‌కు డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు ఎవరైనా అవసరమైనంతే తోడతారు. ఎండ ఉచితం కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఎవరూ మీటరు పెట్టకపోతే భూగర్భ జలం కిందికి జారిపోతుంది. కాబట్టి సోలార్ పలకలు బిగించి, రిబ్బన్ కత్తిరించి వెళ్లిపోతే పని పూర్తయినట్టు కాదు. ఎంత తోడుతున్నారో కొలిచేవాళ్లు కూడా ఉండాలి.

కొత్త ప్రభుత్వం 2025 మార్చిలో చమురు, విద్యుత్, జలవనరుల శాఖలను కలిపి ఒకే ఇంధన శాఖ చేసింది. నీళ్లు, కరెంటు విడదీయలేనివని ఆ నిర్ణయమే ఒప్పుకుంటోంది. కలిపినందువల్ల నీళ్లకు ప్రాధాన్యం పెరుగుతుందా, లేక పెద్ద కరెంటు ప్రాజెక్టుల నీడలో నీళ్లు చిన్నబోతాయా అన్నది ఆచరణలోనే తేలాలి. 2025 ఆగస్టులో అజర్‌బైజాన్ గ్యాస్ తుర్కియే మీదుగా అలెప్పోకు రావడం మొదలైంది. ఆ గ్యాస్‌తో పెరిగే కరెంటులో మొదటి వాటా పంపింగ్ స్టేషన్లకు, ఆసుపత్రులకు ప్రత్యేక లైన్ల ద్వారా వెళ్తే, ఒక్క పైపు కూడా మార్చకుండానే చాలా ఇళ్లకు నీళ్లు పెరుగుతాయి.

అలూక్: ఒక స్టేషన్, మూడు జెండాలు

ఈశాన్య సిరియాలో, తుర్కియే సరిహద్దుకు దగ్గరగా, రాస్ అల్-ఐన్ పక్కన అలూక్ అనే నీటి కేంద్రం ఉంది. బావుల నుంచి నీళ్లు తోడి హసకా నగరానికి, తల్ తమర్‌కు, అల్-హోల్ శిబిరానికి పంపేది. 4.6 లక్షల మందికి ప్రధాన ఆధారం అదేనని 2020లో యునిసెఫ్ చెప్పింది.

2019 అక్టోబర్‌లో తుర్కియే సైనిక చర్య తర్వాత ఆ కేంద్రం తుర్కియే, దాని మద్దతున్న వర్గాల అధీనంలోకి వెళ్లింది. దానికి వచ్చే కరెంటు మాత్రం కుర్దుల నాయకత్వంలోని ఎస్‌డీఎఫ్ పట్టులో ఉన్న దర్బాసియా వైపు నుంచి. తాగేవాళ్లలో ఎక్కువమంది ఎస్‌డీఎఫ్ ప్రాంతంలో. పని చేయాల్సిన ఇంజినీర్లు డమాస్కస్ ప్రభుత్వ నీటి శాఖ ఉద్యోగులు. బావి ఒకరిది, తీగ ఒకరిది, జీతం మరొకరిది.

దీంతో బేరం మొదలైంది. మీరు మాకు కరెంటివ్వండి, మేం మీకు నీళ్లిస్తాం. ఒక వైపు కరెంటు తగ్గించిందని నీళ్లు ఆపారు. నీళ్లు ఆపారని కరెంటు ఆపారు. తప్పు ఎదుటివాళ్లదేనని రెండు వైపులా చెప్పారు. కరోనా మొదలైన 2020 మార్చిలో, చేతులు కడుక్కోండని ప్రపంచమంతా చెబుతున్న రోజుల్లో, హసకాలో చేతులు కడగడానికి నీళ్లు లేవు. జనం ట్యాంకర్ల మీద పడ్డారు. ఆ నీళ్లు ఎక్కడివో, ఎంత శుభ్రమో అడిగే తీరిక ఎవరికీ లేదు.

యుద్ధ ప్రాంతంలో నీటి పనికి నాయకత్వం వహించడం అంటే ఏమిటో అలూక్ చూపిస్తుంది. అక్కడ ఇంజినీరింగ్ సమస్య చిన్నది. ఒక మోటారు మార్చడానికి మెకానిక్ వెళ్లాలంటే మూడు వైపుల అనుమతి కావాలి. మధ్యవర్తిగా వెళ్లే సంస్థ ఏ ఒక్కరి మనిషిలా కనిపించినా తలుపు మూసుకుపోతుంది. అందుకే రెడ్‌క్రాస్, యునిసెఫ్, సిరియన్ అరబ్ రెడ్‌క్రెసెంట్ లాంటివాళ్లకు పానాలు పట్టుకోవడం కన్నా మాటలు నడపడమే ఎక్కువ పని అయింది.

2025 మార్చి 10న డమాస్కస్‌లో అహ్మద్ అల్-షరా, ఎస్‌డీఎఫ్ అధిపతి మజ్లూమ్ అబ్దీ సంతకాలు చేసిన ఒప్పందం ఈశాన్యంలోని సంస్థలను దేశ వ్యవస్థలో కలపాలని చెప్పింది. అమలు నెలల తరబడి నలిగింది. పెద్ద రాజకీయం తేలేదాకా నీళ్లను ఆపి ఉంచాల్సిన పనేమీ లేదు. బావి, తీగ, జీతం మూడూ ఒకే నీటి సంస్థ కిందికి తేవడం ఏ ఒప్పందంలోనైనా మొదటి పనిగా పెట్టుకోదగ్గది.

ఒకే మందు, రెండు ముఖాలు

నీళ్లు రావడం ఒక ఎత్తు, అవి తాగదగ్గవి కావడం మరో ఎత్తు. నగర నీటి సరఫరాలో రోగక్రిములను చంపడానికి ప్రపంచమంతా వాడేది క్లోరిన్. చవకైనది, నమ్మకమైనది. శుద్ధి కేంద్రం దాటాక పగిలిన పైపులో మురికి కలిసినా, నీటిలో మిగిలి ఉన్న కొద్దిపాటి క్లోరిన్ కుళాయి దాకా కాపలా కాస్తుంది.

అదే క్లోరిన్ సిరియా యుద్ధంలో జనం మీద విషవాయువుగా కూడా ప్రయోగమైంది. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ విచారణల్లో ఆ సంగతి తేలింది. దాంతో ఈ ఒక్క సరుకు దేశంలోకి రావడం, ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి వెళ్లడం, ప్రతిదీ అనుమానాల మధ్యే నడిచింది. చాలా ఏళ్లు నీటి శుద్ధి సామగ్రిని పెద్ద ఎత్తున తెచ్చిపెట్టింది సహాయ సంస్థలే. 2020 జనవరిలో భద్రతా మండలి ఈశాన్యానికి దారిగా ఉన్న యారూబియా సరిహద్దు మార్గాన్ని సహాయ జాబితా నుంచి తీసేయడంతో ఆ ప్రాంతానికి సరఫరా ఇంకా కష్టమైంది.

ఒక దేశంలో నీటి శుద్ధికి మందు బయటివాళ్లు ఇస్తేనే వస్తుందంటే, పునర్నిర్మాణం ఇంకా మొదలు కానట్టే లెక్క. సిరియా నీటి సంస్థలు తమ బడ్జెట్‌తో, తమ టెండర్లతో, తమ గోదాముల్లో క్లోరిన్ నిల్వ పెట్టుకోగలిగిన రోజు వస్తేనే ఈ అధ్యాయం ముగిసినట్టు.

ఎవరూ ఫొటో తీయని పని: మురుగునీరు

నీళ్లు వస్తే వార్త, డ్రైనేజీ బాగైతే వార్త కాదు. దాతలూ అంతే. కుళాయి దగ్గర నవ్వుతున్న పిల్లాడి ఫొటోకు విరాళం వస్తుంది, మురుగు శుద్ధి కేంద్రం ఫొటోకు రాదు. కానీ ప్రాణాలు తీసేది ఎక్కువగా మురుగే.

యుద్ధ కాలంలో సిరియా మురుగునీటిలో కనీసం 70 శాతం శుద్ధి లేకుండానే నదుల్లోకి, పొలాల్లోకి పోతోందని ఐరాస సంస్థలు అంచనా వేశాయి. దాని ఫలితం 2022లో కనిపించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 10న కలరా వ్యాపించిందని ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఫురాత్ నది నీళ్లు నేరుగా తాగడం, కలుషిత నీటితో పండిన కూరగాయలు తినడం కారణమని తొలి పరిశీలనలో తేలింది. కొన్ని నెలల్లోనే అనుమానిత కేసులు 70 వేలు దాటాయి. అక్టోబర్‌లో లెబనాన్‌కూ పాకింది. అక్కడ 1993 తర్వాత కలరా కనిపించడం అదే మొదటిసారి.

కలరా చిక్కుముడి ఏమీ కాదు. శుభ్రమైన నీరు, మురుగు వేరు చేయడం, సమయానికి ఓఆర్‌ఎస్ ఉంటే మనిషి బతుకుతాడు. అంటే కలరా వచ్చిన ప్రతి చోటా ఆసుపత్రి కన్నా ముందు నీటి శాఖ ఓడిపోయిందని అర్థం.

2019లో యునిసెఫ్ యుద్ధాలు నలిపిన 16 దేశాల లెక్కలు చూసి ఒక నివేదిక ఇచ్చింది. దీర్ఘకాల యుద్ధాల్లో 15 ఏళ్లలోపు పిల్లలు హింస వల్ల కన్నా మురికి నీరు, పారిశుధ్య లోపం తెచ్చే జబ్బుల వల్ల చనిపోయే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లల్లో, నీటి వల్ల వచ్చే విరేచనాలతో చనిపోయే అవకాశం హింస వల్ల కన్నా 20 రెట్లకు పైగా ఎక్కువ. టీవీలో బాంబు కనిపిస్తుంది. బకెట్లో ఉన్నది కనిపించదు.

ముందుండి నడిపేది ఎవరు?

2005లో ఐరాస సహాయ వ్యవస్థను సంస్కరించినప్పుడు ప్రతి రంగానికీ ఒక నాయక సంస్థను పెట్టారు. నీరు, పారిశుధ్యం రంగానికి ప్రపంచ స్థాయిలో యునిసెఫ్ నాయకత్వం వహిస్తుంది. దాని పని అన్నీ తానే చేయడం కాదు. ఏ సంస్థ ఏ ఊళ్లో ఏం చేస్తోందో ఒక చోట చేర్చడం, ఒకే ఊరికి ముగ్గురు ట్యాంకర్లు పంపి పక్క ఊరిని ఎండబెట్టకుండా చూడటం, కనీస ప్రమాణాలు నిలబెట్టడం. స్ఫియర్ అనే ప్రమాణాల పుస్తకం ప్రకారం అత్యవసర పరిస్థితిలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, ఒక కుళాయికి 250 మందికి మించకుండా, ఇంటి నుంచి 500 మీటర్లలోపు నీళ్లు ఉండాలి. 15 లీటర్లంటే మామూలు బకెట్ ఒకటి. తాగడం, వంట, స్నానం, వుజూ, పసిబిడ్డ బట్టలు, అన్నీ అందులోనే.

సిరియాలో ఈ సమన్వయం కూడా దేశంతో పాటే ముక్కలైంది. డమాస్కస్ నుంచి ఒక వ్యవస్థ, తుర్కియేలోని గాజియాంతెప్ నుంచి ఇద్లిబ్ వైపు మరో వ్యవస్థ, ఈశాన్యంలో ఇంకో వ్యవస్థ. ఇద్లిబ్‌లో ఏళ్ల తరబడి నీటి స్టేషన్లను స్థానిక కమిటీలు, స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. 2023 ఫిబ్రవరి 6 భూకంపం వచ్చినప్పుడు ట్యాంకులు, పైపులు పగిలిన చోట మొదట పరుగెత్తింది కూడా వాళ్లే. డమాస్కస్ వైపు పాత ప్రభుత్వ నీటి సంస్థల ఉద్యోగులు నామమాత్రపు జీతానికి అవే పంపులు మరమ్మతు చేస్తూ కూర్చున్నారు. రెండు వైపులా ఉన్నది ఒకే వృత్తివాళ్లు.

ఇప్పుడు వీళ్లను ఒక్కటి చేయడమే అసలైన పునర్నిర్మాణం. ఇద్లిబ్‌లో పనిచేసినవాడికి తిరుగుబాటుదారుడని, హమాలో పనిచేసినవాడికి అసద్ మనిషని ముద్ర వేసి పంపేస్తే, ఏ వాల్వ్ ఎక్కడుందో తెలిసిన మనిషే మిగలడు. నగరం కింద వందల కిలోమీటర్ల పైపులు. చాలా చోట్ల పటాలు కాలిపోయాయి, కంప్యూటర్లు పోయాయి. ఆ పటం ఇప్పుడు పాత ఫిట్టర్ల బుర్రల్లో ఉంది. వాళ్లలో చాలామంది జర్మనీలోనో, తుర్కియేలోనో ఏదో పని చేసుకుంటున్నారు. వాళ్లను వెనక్కి రప్పించే జీతం ఇవ్వడం ఏ పంపు కొనడం కన్నా తక్కువ ఖర్చు.

సహాయ సంస్థల గొప్పతనాన్ని ఎంతమందికి నీళ్లిచ్చారన్న లెక్కతోనే కొలవడం అలవాటైపోయింది. ఆ సంస్థ వెళ్లిపోయిన రెండేళ్లకు కూడా ఆ కుళాయి తిరుగుతోందా అని అడగాలి. అలా అడిగితే ట్యాంకర్ల మీద పెట్టిన ఖర్చు ఒకలా, స్టేషన్ సిబ్బందికి ఇచ్చిన శిక్షణ మరోలా కనిపిస్తాయి.

డబ్బు లెక్క

2025 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అంచనా ప్రకారం సిరియా పునర్నిర్మాణానికి సుమారు 216 బిలియన్ డాలర్లు కావాలి. నేరుగా జరిగిన భౌతిక నష్టం 108 బిలియన్లు, అందులో దాదాపు సగం మౌలిక సదుపాయాలది. అలెప్పో, డమాస్కస్ పరిసర జిల్లా, హోమ్స్ ఎక్కువ దెబ్బతిన్నవి.

ఆంక్షల ముడి కొంత వీడింది. 2025 మే నెలలో ట్రంప్ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు, జూన్ 30న ఉత్తర్వులు వచ్చాయి. యూరోపియన్ యూనియన్ కూడా ఆర్థిక ఆంక్షలు తీసేసింది. ప్రపంచ బ్యాంకుకు సిరియా పడ్డ 15.5 మిలియన్ డాలర్ల బాకీని సౌదీ అరేబియా, ఖతర్ కట్టాయి. తర్వాత జూన్‌లో ఆ బ్యాంకు కరెంటు వ్యవస్థ కోసం 146 మిలియన్ డాలర్ల గ్రాంటు ఇచ్చింది. కాగితం మీద మానవతా సరుకుకు ఆంక్షలు ఎప్పుడూ లేవు. కానీ బ్యాంకులు భయపడి సిరియా పేరు ఉన్న ఏ చెల్లింపునూ ముట్టుకోకపోవడంతో ఒక పంపు విడిభాగం రావడానికి కూడా నెలలు పట్టేది.

ఒక చేత్తో ఆంక్షలు తీసిన అమెరికాయే మరో చేత్తో విదేశీ సహాయాన్ని కోసేసింది. 2025 జనవరిలో సహాయం ఆపేశారు, జూలై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ తలుపులే మూతపడ్డాయి. అంటే పెట్టుబడి వచ్చే దారి తెరుచుకుంటున్న వేళ, రోజువారీ నీళ్లకు ఆధారమైన సహాయం తగ్గిపోయింది. పెట్టుబడిదారులు విమానాశ్రయాలకు, టవర్లకు, గ్యాస్‌కు వస్తారు. మురుగు కాల్వకు రారు. ఈ మధ్య సందులోనే పేదల బస్తీలు నలిగిపోతాయి.

ఇక నీటి బిల్లు సంగతి. కరెన్సీ విలువ పడిపోయాక నీటి సంస్థలకు బిల్లుల ద్వారా వచ్చే సొమ్ముతో డీజిల్ కూడా రాదు. ఛార్జీలు పెంచకపోతే సంస్థ నిలబడదు. పెంచితే బతుకే బరువైనవాళ్లు కట్టలేరు. 2025 చివర్లో కరెంటు ఛార్జీలు భారీగా పెంచినప్పుడు జనంలో అసంతృప్తి పెల్లుబికింది. నీళ్ల విషయంలో ఆ పొరపాటు మళ్లీ చేయకూడదు. ఇంటి కనీస అవసరానికి నామమాత్రపు ధర, హోటళ్లకు, ఫ్యాక్టరీలకు అసలు ధర, మధ్యలో లోటును దాతలు నేరుగా నీటి సంస్థ ఖాతాకు కొన్నేళ్లు భర్తీ చేయడం. కుళాయి నీళ్లు రాని పేదవాడు ట్యాంకర్‌కు పెట్టే ఖర్చు ఎప్పుడూ కుళాయి బిల్లు కన్నా ఎక్కువే. కాబట్టి మంచి నీటి సంస్థ పేదవాడికి భారం కాదు, ఆదా.

పైనున్న ఆకాశం, పక్కనున్న దేశం

ఇవన్నీ సరిచేసినా, తోడటానికి నీళ్లుండాలి కదా. 2025లో సిరియాను 36 ఏళ్లలో ఎన్నడూ లేనంత కరువు పట్టింది. గోధుమ పంట దారుణంగా పడిపోయింది. కొండల మీద మంచు కరిగి నిండే డమాస్కస్ ప్రధాన ఊట ఐన్ అల్-ఫీజా అడుగంటింది. రాజధానిలో నీళ్లకు రేషన్ పెట్టారు.

ఫురాత్ నది తుర్కియే ఆనకట్టలు దాటుకుని వస్తుంది. సరిహద్దు దగ్గర సెకనుకు సగటున 500 ఘనపు మీటర్ల నీరు వదలాలని 1987లో రెండు దేశాలు ఒప్పుకున్నాయి. అందులో 58 శాతం ఇరాక్‌కు వదలాలని 1990లో సిరియా, ఇరాక్ ఒప్పుకున్నాయి. 2021 వేసవిలో నది ప్రవాహం ఆ 500లో సగం కూడా లేని రోజులు వచ్చాయి. నది కిందికి పోయి, పంపుల గొట్టాలు గట్టున మిగిలిపోయాయి. కొత్త ప్రభుత్వానికి అంకారాతో స్నేహం ఉంది. ఆ స్నేహానికి మొదటి పరీక్ష గ్యాస్ కాదు, ఫురాత్ నీళ్లు.

మన ఇళ్లకు దీంతో పనేమిటి?

రమజాన్‌లో యుద్ధ బాధిత దేశాల పేరిట విరాళాలు అడిగే సందేశాలు మన ఫోన్లలోకీ వస్తాయి. గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు అక్కడి సంస్థలకు ఇస్తూనే ఉంటారు. చనిపోయిన అమ్మీ, అబ్బా పేరిట ఒక బోరు, ఒక పలక, ఒక ఫొటో. దాని వెనకున్న నియ్యత్ మంచిదే. సదఖా జారియా అంటే ఆగకుండా సాగే దానం అని అందరికీ తెలుసు.

ఆ మాటలో ఉన్న షరతు కూడా అదే: ఆగకూడదు. మోటారు కాలిపోతే మార్చేవాడు లేని బోరు ఆగిపోతుంది. నీటిమట్టం చూడకుండా పక్కపక్కనే వేసిన బోర్లు ఒకదాన్నొకటి ఎండబెడతాయి. ఆ సంగతి తెలంగాణలో, రాయలసీమలో రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ఇచ్చేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఈ బోరును మరమ్మతు చేసేది ఎవరు? పక్కనున్న పాత స్టేషన్‌ను బాగుచేస్తే ఇంకా ఎక్కువ మందికి అందదా? నీళ్లను పరీక్షించేది ఎవరు? పలక మీద పేరు లేని వాల్వ్ మరమ్మతు కూడా సదఖానే.

ఊట దగ్గర మొదలైన పాఠం

ఐన్ అల్-ఫీజా పేరు 2016 డిసెంబర్‌లో ప్రపంచమంతా విన్నది. వాదీ బరదాలో పోరు మధ్య ఆ ఊట దెబ్బతిని డమాస్కస్, పరిసరాల్లో 55 లక్షల మందికి నీళ్లు ఆగిపోయాయి. తిరుగుబాటుదారులే చెడగొట్టారని ప్రభుత్వం చెప్పింది. సిరియా వాయుసేనే కావాలని బాంబులు వేసిందని, అది యుద్ధ నేరమని 2017 మార్చిలో ఐరాస విచారణ కమిషన్ తేల్చింది. తాగునీటి నిర్మాణాల మీద దాడి చేయకూడదని జెనీవా ఒప్పందాల 1977 అదనపు ప్రోటోకాల్ స్పష్టంగా చెబుతుంది. ఆ నేరానికి ఎవరు జవాబు చెప్పాలో తేల్చడం కూడా పునర్నిర్మాణంలో భాగమే. శిక్ష లేకపోతే రేపు ఎవరైనా మళ్లీ అదే స్విచ్ మీద చెయ్యి వేస్తారు.

ఆ ఊటకు ఇంకో పాత కథ ఉంది. 1920ల్లో, సిరియా ఫ్రెంచివాళ్ల పెత్తనం కింద ఉన్నప్పుడు, ఈ నీళ్లను ఇంటింటికీ తెచ్చే పని విదేశీ కంపెనీ చేతికి పోకుండా లుత్ఫీ అల్-హఫ్ఫార్ అనే డమాస్కస్ వర్తకుడు ముందుకొచ్చాడు. నగర ప్రజలే నీటి హక్కు కొనుక్కుని, ఆ సొమ్ముతో పైపులైన్ వేసుకునే పద్ధతి పెట్టాడు. 1932లో నీళ్లు వచ్చాయి. ఆ వ్యవస్థ దశాబ్దాల పాటు నగరాన్ని బతికించింది.

అప్పుడు కూడా యంత్రాలు, నైపుణ్యం కొంత బయటి నుంచే వచ్చి ఉండొచ్చు. యాజమాన్యం మాత్రం తాగేవాళ్లది. ఈరోజు డమాస్కస్‌కు వెళ్లే ప్రతి దాత, ప్రతి బ్యాంకు, ప్రతి సహాయ సంస్థ తమ ప్రాజెక్టు కాగితం మీద మొదటి వరుసలోనే ఒక సంగతి రాసుకోవాలి: ఏ తేదీకి, ఏ సిరియన్ నీటి సంస్థకు, ఎంతమంది జీతాలతో సహా ఈ పని అప్పగిస్తున్నాం? ఆ తేదీ లేని ప్రాజెక్టు ఎన్ని లీటర్లు పంచినా సహాయంగానే మిగులుతుంది. తిరిగొచ్చిన కుటుంబం పొద్దున్నే లేచి, ఎవరికీ దండం పెట్టకుండా, తన ఇంట్లో తన కుళాయి తిప్పుకోగలిగినప్పుడే సిరియాలో యుద్ధం నిజంగా ముగిసినట్టు.